పొలం ఒకరిది, బతుకు పదిమందిది

2021 ఫిబ్రవరి నాటి ఆ వీడియో చాలామంది చూసే ఉంటారు. ఇండోనేషియాలో జావా ఉత్తర తీరాన, తుబన్ జిల్లా సుమూర్‌గెనెంగ్ అనే చిన్న పల్లెలోకి లారీల మీద కొత్త కార్లు వరసగా వస్తున్నాయి. ఇండోనేషియా ప్రభుత్వ చమురు కంపెనీ పెర్టామినా, రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్ కలిసి పెట్టబోయే చమురు శుద్ధి కర్మాగారానికి పొలాలు ఇచ్చిన రైతులు ఆ డబ్బుతో కార్లు కొన్నారు. మొత్తం 176 అని ఊరిపెద్ద లెక్క చెప్పాడు. ఊరికి 'కోటీశ్వరుల పల్లె' అని పేరు పడింది. ఏడాది తిరక్కుండానే, 2022 జనవరిలో, అక్కడి నుంచే ఇంకో వార్త వచ్చింది. ఇస్తామన్న ఉద్యోగాలు ఏవని జనం రోడ్డెక్కారు. పశువులు అమ్ముకుని రోజులు నెట్టుకొస్తున్నామని కొందరు చెప్పుకున్నారు. పల్లెటూరి వాళ్ళ చేతికి డబ్బొస్తే ఇంతేనని లోకం తీర్పు చెప్పేసింది.

ఆ తీర్పు తప్పు. అందరూ కార్లే లెక్కపెట్టారు, కుటుంబాలను లెక్కపెట్టలేదు. అదే ఊరిపెద్ద అప్పట్లో పత్రికలకు ఇంకో లెక్క కూడా చెప్పాడు. ఊళ్ళో ఉన్నవి 840 కుటుంబాలు, కర్మాగారానికి భూమి అమ్మినవి 225. మిగతా ఆరువందల పైచిలుకు కుటుంబాల సంగతి ఏమిటి? వాళ్ళలో వేరేచోట పొలాలున్నవాళ్ళు, చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఉంటారు. కానీ పోయిన ఆ పొలాల్లో మొక్కజొన్న విరిచినవాళ్ళు, మిరపకాయ కోసినవాళ్ళు, గట్ల మీద గడ్డి కోసి పశువును మేపుకున్నవాళ్ళు కూడా వాళ్ళలోనే ఉంటారు. వాళ్ళ ఇంటి ముందు కారు ఆగలేదు. పని మాత్రం పోయింది.

జావా పల్లెలో ఆస్తి అంటే ఏమిటో తెలిస్తే ఇది ఎంత పెద్ద అన్యాయమో అర్థమవుతుంది. తెలంగాణ కంటే కాస్త పెద్దదైన ఆ దీవి మీద 15 కోట్లమంది ఉన్నారు. ఎక్కువమంది రైతులకు అర హెక్టారు కూడా లేదు, అంటే ఎకరంపావు లోపే. అంత చిన్న చెక్క మీద అంతమంది ఇన్ని వందల ఏళ్ళు బతికారంటే, పొలం ఎవరిదైనా పంటలో పాలు పదిమందికీ అందేది కాబట్టే. సగపాలుకు చేసే సాగును అక్కడ 'మారో' అంటారు. కోతకొచ్చినవాళ్ళకు ధాన్యంలో ఇచ్చే వాటా 'బావోన్'. మన కళ్ళాల దగ్గర చాకలికి, మంగలికి, కమ్మరికి కొలిచిన మేర గుర్తున్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. జావాలో ఆడవాళ్ళు 'ఆని-ఆని' అనే చిన్న కత్తిని అరచేతిలో దాచుకుని ఒక్కో వెన్నునూ కోసేవాళ్ళు. అలా కోస్తే పని చాలా చేతులకు దొరుకుతుంది. కోతకు వస్తామన్న పొరుగువాళ్ళను రావద్దనడం తప్పుగా ఉండేది.

1970ల్లో కొత్త వరి వంగడాలతో పాటు కొడవలి వచ్చింది, చేను మీదే పంట కొనేసే వ్యాపారి వచ్చాడు, మరమిల్లు వచ్చింది. వ్యాపారి తన మనుషుల్ని తెచ్చుకుని కోయించుకున్నాడు. మిల్లు ఆడవాళ్ళ చేతిలోని రోకలి లాగేసుకుంది. పొలం ఎవరి పేరున ఉన్నది అక్కడే ఉంది, దాని మీద బతికే హక్కు మాత్రం చాలామందికి ఏ కాగితం మీదా మార్పు లేకుండానే పోయింది. 2021లో సుమూర్‌గెనెంగ్‌లో జరిగింది ఆ కథకు కొనసాగింపే. అప్పుడు పొలమైనా మిగిలింది, ఈసారి అదీ పోయింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలిచివేసే విషయం ఇంకొకటి ఉంది. జావా ఊళ్ళలో 'బెంగ్‌కోక్' అనే భూములు ఉంటాయి. ఊరి అధికారులకు ఒకప్పుడు జీతం బదులు, ఇప్పుడు జీతానికి తోడుగా సాగు చేసుకోమని ఇచ్చే భూమి ఇది. పదవి దిగితే తర్వాతివాడికి పోతుంది. మన పాత కరణాల మాన్యం లాంటిదే. మనకు కరణాలూ మునసబులూ 1984లో పోయారు, జావాలో బెంగ్‌కోక్ చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. ఊరి ఆస్తి అయిన ఇలాంటి భూమిని ఏ రోడ్డుకో ప్రాజెక్టుకో తీసుకుంటే, వచ్చిన పరిహారంతో మళ్ళీ అంతే విలువైన భూమి కొనాలని, వీలైతే ఆ ఊళ్ళోనే కొనాలని అక్కడ నిబంధన ఉంది. డబ్బు కరిగిపోతుందని, భూమికి బదులు భూమే కావాలని ప్రభుత్వానికి బాగా తెలుసన్నమాట. తన ఆస్తి దగ్గర ఇంత జాగ్రత్త పడిన ప్రభుత్వం రైతు దగ్గరికి వచ్చేసరికి బ్యాంకు ఖాతా నంబరు అడిగి ఊరుకుంది. 2012 నాటి భూసేకరణ చట్టంలో డబ్బుతో పాటు బదులు భూమి, పునరావాసం, కంపెనీలో వాటా కూడా రాసి ఉన్నాయి. ఊళ్ళలో దాదాపు ఎప్పుడూ అందేది డబ్బే. ఒప్పుకోకపోతే ఆ డబ్బును కోర్టులో జమ చేసి భూమి తీసేసుకుంటారు.

ఇక కార్ల మాట. జావా పల్లెలో ప్రయాణం అంటే మోటార్‌సైకిలే. పిల్లల బడి, సంత, పశువుల గడ్డి, ఆస్పత్రి, అన్నీ దాని మీదే. ఏడాదికోసారి రంజాన్ ముగిసేసరికి పట్నాల్లో పనిచేసే లక్షలమంది సొంత ఊరికి చేరతారు. దాన్ని 'ముడిక్' అంటారు. ఒకే బండి మీద భార్యాభర్తలు, మధ్యలో బిడ్డ, వెనక మూటలతో రోజంతా ప్రయాణం చేస్తారు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయ్యే దృశ్యాన్ని ఎన్నో రెట్లు పెంచి ఊహించుకోండి. ఆ రోజున ఇంటి ముందు కారు ఉండటం ఎంత గౌరవమో అక్కడివాళ్ళకు తెలుసు. తరతరాలుగా వానలో బండి మీద తడిసిన మనిషి ఒకసారి కారు కొనుక్కుంటే అతన్ని తెలివితక్కువవాడని ఎందుకు అనాలి? అతని తప్పల్లా ఇస్తామన్న ఉద్యోగం ఇస్తారని నమ్మడం. ఆ కర్మాగారం ఇప్పటికీ ఒక్క చుక్క చమురు శుద్ధి చెయ్యలేదు.

అంత ఇరుకు దీవిలో ఊళ్ళను కదపకుండా ఏదీ కట్టలేరు కదా అని అడిగేవాళ్ళున్నారు. నిజమే. 2018 డిసెంబరులో జకార్తా నుంచి సురబాయా దాకా టోల్ రోడ్డు కలిసింది, ముడిక్ ప్రయాణం చాలా తేలికైంది, దాని కింద వరి పొలాలు పోయాయి. మంచి ధర వస్తే సంతోషంగా అమ్మినవాళ్ళూ, సేద్యం మాకొద్దన్న కుర్రాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఇష్టాన్ని నేను కాదనను. నేను అడిగేదల్లా అమ్మకానికి ఒప్పుకునే చెయ్యి ఒకటే ఎందుకుండాలని.

తుబన్‌లో జనం ఉద్యోగాలు అడిగిన రెండు వారాలకే, 2022 ఫిబ్రవరి 8న, మధ్య జావా పుర్వొరెజో జిల్లాలోని వాదాస్ అనే కొండ పల్లెలోకి వందలమంది పోలీసులు దిగారు. బెనెర్ డ్యామ్‌కు కావలసిన రాయి కోసం ఊరి కొండను తవ్వుతామంటే గ్రామస్థులు వద్దన్నారు. 60 మందికి పైగా అరెస్టయ్యారు, మర్నాడు వదిలేశారు, అప్పటి గవర్నర్ గంజర్ ప్రనోవో క్షమాపణ చెప్పారు. తర్వాత అక్కడా పరిహారం పంచారు, చాలామంది తీసుకున్నారు. 'సాదుముక్ బాతుక్, సాన్యారి బూమి' అని జావా వాళ్ళకు ఒక సామెత. నుదుటి మీద వేలు మోపినంత పరువు కోసమైనా, వేలి వెడల్పు నేల కోసమైనా ప్రాణం ఒడ్డాల్సిందే అని దాని భావం. ఆ 'బూమి' మన భూమే, సంస్కృతం నుంచి అక్కడికి వెళ్ళిన మాట. అమ్మిన ఊరిని చూసి లోకం నవ్వింది, అమ్మనన్న ఊరికి పోలీసులు వెళ్ళారు. పల్లె ఇంకేం చెయ్యాలి?

ఇది మన కథ కూడా. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, కౌలు రైతుకు రూపాయి రాలేదు. ఆంధ్రలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలు కార్డులిస్తామన్నారు, కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే పొలం ఎక్కడ చేజారుతుందోనని యజమానికి టెన్షన్. చివరికి మునిగింది సాగు చేసినవాడే.

అయినా మన దగ్గర జావాలో లేని ఒక మాట చట్టంలో ఉంది. 2013 భూసేకరణ చట్టం, సొంత భూమి లేకపోయినా ఆ ప్రాంతంలో మూడేళ్ళుగా పనిచేసి బతుకుతున్న కూలీని, కౌలుదారును, పాలుకు చేసేవాడిని, చేతివృత్తివాడిని బాధిత కుటుంబంగానే లెక్కపెట్టింది. ఆ మాట బలమెంతో జీవో 123 అప్పుడు చూశాం. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆ జీవోతో రైతుల దగ్గర నేరుగా భూములు కొనడం మొదలుపెడితే, కోర్టుకు వెళ్ళింది వ్యవసాయ కూలీలు. యజమానికి డబ్బు ముడుతోంది, మా ఉపాధి మాటేమిటన్నది వాళ్ళ వాదన. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. తర్వాత అప్పీళ్ళు, సవరణలు చాలా జరిగాయి. కానీ ఎకరం భూమి లేని మనుషులు ఆ భూమి గురించి కోర్టులో నిలబడి మాట్లాడగలిగారు. సుమూర్‌గెనెంగ్‌లో లెక్కకు రాని ఆ కుటుంబాలకు కావాల్సింది అలాంటి ఒక వాక్యమే. జకార్తాలో భూసేకరణ చట్టాన్ని మళ్ళీ తెరిచిన రోజున ముందుగా రాయాల్సింది దాన్నే.