భవనానికి అప్పిస్తారు, నర్సుకు ఇవ్వరు

ఎనిమిదో వేతన సంఘం పేరు వినిపించినప్పటి నుంచి టీవీ చర్చల్లో పాత పాటే మళ్లీ మొదలైంది. సర్కారు ఉద్యోగులు ఎక్కువైపోయారట, జీతాలే ఖజానాను తినేస్తున్నాయట. ఈ మాట ఎంతగా అలవాటైపోయిందంటే, నిజమో కాదో ఒకసారి చూద్దామని కూడా ఎవరికీ తోచడం లేదు.

చూడటానికి ఒక అంకె ఉంది. దాని పేరు ప్రభుత్వ తుది వినియోగ వ్యయం. టీచరు జీతం, పీహెచ్‌సీలో మందులు, కోర్టు గుమాస్తా, పోలీసు జీపు డీజిల్, సైనికుల జీతభత్యాలు అన్నీ ఇందులోకే వస్తాయి. రైతు ఖాతాలో వేసే సొమ్ము, వృద్ధాప్య పింఛను, అప్పుల మీద వడ్డీ రావు. కొత్తగా కట్టే రోడ్డూ భవనమూ రావు. అంటే మనిషి మనిషికి చేసే సేవ మీద సర్కారు పెట్టే ఖర్చు ఇదే.

మన దేశంలో ఇది జీడీపీలో 10-11 శాతం. ప్రపంచ సగటు 16 పైన. స్వీడన్‌లో 25 దాటింది, ఫ్రాన్స్‌లో 23 పైమాటే. అవి ధనిక దేశాలు కదా అంటారా? బ్రెజిల్, దక్షిణాఫ్రికాలు 19-20 దగ్గర ఉన్నాయి. బంగ్లాదేశ్‌లా మనకంటే తక్కువ పెట్టేవాళ్లూ ఉన్నారు. పోటీ వాళ్లతోనే అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. పైగా మన పది శాతంలో రక్షణ వ్యయం కూడా కలిసే ఉంది. అది తీసేశాక బడికీ ఆస్పత్రికీ మిగిలేదెంత?

మరి సర్కారు అంత ఖర్చుపెడుతున్నట్టు ఎందుకు కనిపిస్తోంది? పెడుతోంది, అయితే వేరే చోట. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు చూపించారు. రోడ్లు, భవనాల్లాంటి ఆస్తుల మీద పెట్టే మూలధన వ్యయం 11.21 లక్షల కోట్లు. ఇంకోవైపు 2021 మార్చి 1 నాటికి కేంద్రంలో మంజూరైన దాదాపు 40 లక్షల పోస్టుల్లో 9.79 లక్షలు ఖాళీ అని పార్లమెంటుకు చెప్పింది ప్రభుత్వమే. ఎక్కువైపోయిన ఉద్యోగులు ఎక్కడున్నారో మరి.

అవతలి వాదనలో ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. సర్కారు సేవకు మార్కెట్ ధర ఉండదు కాబట్టి ఖర్చునే ఉత్పత్తి కింద లెక్కిస్తారు. టీచరు పాఠం చెప్పినా చెప్పకపోయినా జీడీపీలో ఆయన జీతం అంతే పడుతుంది. కనుక వాటా పెరిగినంత మాత్రాన సేవ పెరిగినట్టు కాదు. నిజమే. కానీ దానికి మందు కొలతను సరిచేసుకోవడం. ప్రభుత్వ సేవల ఉత్పత్తిని ఎలా కొలవాలో చెప్పిన 2005 అట్కిన్సన్ సమీక్ష తర్వాత బ్రిటన్ ఆ దారిలో ఇంకా ముందుకెళ్లింది. అందుకే కోవిడ్‌లో బడులు మూతపడినప్పుడు అక్కడ విద్యాసేవల ఉత్పత్తి లెక్కల్లో కూడా పడిపోయింది. కొలత బాగాలేదని టీచర్ని తీసేయమని అక్కడెవరూ అనలేదు.

అసలు చిక్కు మన ఆర్థిక నియమాల్లో ఉంది. భవనం మూలధన వ్యయం, మంచి ఖర్చు. జీతం రెవెన్యూ వ్యయం, చెడ్డ ఖర్చు, రెవెన్యూ లోటు పెంచుతుంది. 2020-21 నుంచి కేంద్రం రాష్ట్రాలకు మూలధన పనుల కోసం 50 ఏళ్ల వడ్డీ లేని రుణాలిస్తోంది. 2025-26లో ఇందుకు లక్షన్నర కోట్లు కేటాయించింది. ఆ డబ్బుతో ఆస్పత్రి కట్టొచ్చు, అందులో నర్సును పెట్టుకోవడానికి వీల్లేదు. ఇలాంటి ఎర చూపిస్తే ఏ ముఖ్యమంత్రయినా దేని వైపు వెళ్తాడు? శిలాఫలకం మీద పేరు కూడా భవనానికే ఉంటుంది.

ఫలితం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. తెలంగాణలో జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నారు, కట్టారు. 2025లో అధ్యాపకుల కొరతపై జాతీయ వైద్య కమిషన్ నోటీసులు వచ్చాయి. ఆంధ్రలో నాడు-నేడు కింద బడులకు రంగులు, బల్లలు, మరుగుదొడ్లు వచ్చాయి. మంచిదే. 2019-24 మధ్య ఆ ఐదేళ్లలో టీచర్ల నియామకానికి కొత్త డీఎస్సీ మాత్రం ఒక్కటీ పూర్తికాలేదు. 2018 తర్వాత మళ్లీ 2025లో 16,347 పోస్టులతో జరిగింది. తెలంగాణ ఏమీ తీసిపోలేదు: 2017 టీచర్ల నియామక పరీక్ష (టీఆర్టీ) తర్వాత డీఎస్సీ 2024లోనే, 11,062 పోస్టులకు. ఇన్నేళ్ల ఖాళీలో ఒక తరం పిల్లలు హైస్కూలు దాటిపోయారు. ఇందులో పార్టీల తేడా నాకేమీ కనిపించదు.

ఇంత తక్కువ ఖర్చుతో ప్రభుత్వం ఎలా నడుస్తోందన్నదే నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న. ఆడవాళ్ల చేత చవకగా పని చేయించుకుని నడుస్తోంది. అంగన్‌వాడీ టీచరు పిల్లల బరువు తూస్తుంది, గర్భిణికి గుడ్డూ పాలూ ఇస్తుంది, రిజిస్టర్లు రాస్తుంది, యాప్ నింపుతుంది. ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2018లో కేంద్రం దాన్ని నెలకు 3,000 నుంచి 4,500కు పెంచి, తర్వాత ఏళ్ల తరబడి మరచిపోయింది. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. ఆంధ్రలో అలా అన్నీ కలిపి 11,500 వస్తుండగా 2023 డిసెంబరులో వాళ్లు సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. మధ్యలో సర్కారు అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. అంటే సమ్మె చేసినప్పుడు అది అత్యవసర సేవ, జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ! 2022లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు ఇచ్చినా వీళ్లను ఉద్యోగులు అనడానికి ప్రభుత్వాలకు నోరు రావడం లేదు. ఆశా కార్యకర్తల కథా అంతే.

ఆ 50 ఏళ్ల రుణాలకు ఒక్క షరతు పెడితే చాలు. కట్టిన ప్రతి ఆస్పత్రికీ, బడికీ మంజూరైన పోస్టులు భర్తీ చేస్తేనే తర్వాతి విడత విడుదల. సిమెంటు బిల్లులు అడిగే కేంద్రం నియామక పత్రాలు కూడా అడగొచ్చు. వేతన సంఘం నివేదిక వచ్చినప్పుడు దాదాపు 50 లక్షల కేంద్ర ఉద్యోగుల జీతాల మీద మళ్లీ నెలల తరబడి గోల జరుగుతుంది. అంగన్‌వాడీలు, ఆశాలు ఆ సంఘం పరిధిలోనే లేరు.