మబ్బు కమ్మితే దుర్మార్గమేనా?

ఫాంటసీ రాసేవాళ్ళకు సలహా అంటూ ఒక మాట తెగ షేర్ అవుతోంది. దుష్టరాజ్యం అంటే మబ్బు, చలి, చీకటి; విముక్తి అంటే ఎండ; ఏ దేశపు పాఠకుడికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది, తెలుగులోనూ ఇలాగే రాయాలి అని.

అనంతపురంలో కూర్చుని చదివితే మొదటి ముక్కకే నవ్వొస్తుంది. నైరుతి గాలుల తేమను పడమటి కనుమలు అవతలే దించేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనం ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. శెనక్కాయ విత్తడానికి పదును కోసం చూసే మనిషి, కథలో మబ్బు కమ్మిందంటే విలన్ వచ్చాడనుకోడు. చలి సంగతి సరేసరి. ఏప్రిల్ నెలలో ఇక్కడ చలిరాజ్యం అని బోర్డు పెడితే జనం అందులోకే వలస పోతారు.

ఏ దేశపు పాఠకుడికైనా అన్న మాట మన పాత కథల దగ్గరే ఆగిపోతుంది. వేదంలో వృత్రుడనే అసురుడు చేసిన పాపం నీళ్ళను బంధించడం. రామాయణంలో రోమపాదుడి తప్పు వల్ల అంగదేశంలో వాన పోయింది, ఋష్యశృంగుడు అడుగుపెట్టాకే కురిసింది. భాగవతంలో మాత్రం తిరగేసి ఉంటుంది: తన పూజ మానేశారన్న కక్షతో ఇంద్రుడు కుంభవృష్టి కురిపిస్తే, జనం గోవర్ధనం కింద తలదాచుకున్నారు. ఎండా వానా రెండూ ఆయుధాలే. పట్టుకున్నది ఎవరన్నదే ప్రశ్న.

పోనీ, ఈ సలహాకు మూలమైన ఇంగ్లీషు కథలైనా అలా ఉన్నాయా? సి.ఎస్. లూయిస్ కల్పించిన నార్నియా లోకంలో నూరేళ్ళ చలికాలం మంత్రగత్తె పెట్టింది. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథలో దుష్టరాజ్యం మోర్డోర్ నుంచి కమ్ముకొచ్చే చీకటిని దాని ప్రభువు సౌరాన్ పంపాడు, ఎండ గిట్టని ఓర్క్‌లనే తన రాక్షస సైన్యం పగలు కూడా నడవాలని. అది మూడ్ కాదు, యుద్ధ సరంజామా.

నాకు అసలు అభ్యంతరం ఎండను విముక్తి అనడం మీద. రాజు చచ్చాడు, మంచు కరిగింది, కథ కంచికి! 1876-78 ధాత కరువులో వానలు పోయిన మాట నిజం. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. కానీ 1877లో కరువు పనుల్లో మగవాడి రోజుకూలిని ఒక పౌను ధాన్యానికి, ఒక అణాకు కుదించింది ఆకాశం కాదు, కరువు ఖర్చు తగ్గించడానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ అనే దొర. నేరమంతా వాతావరణం మీదకి నెట్టే కథ అలాంటి దొరలకు బాగా పనికొస్తుంది.

తెలుగులో రాయాలంటే నేనైతే దుష్టరాజును మంచి వానాకాలంలోనే పెడతాను. చెరువు నిండి ఉంటుంది, తూము మూసి ఉంటుంది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో అతని మనిషి చెప్పాలి.