మహారాజశ్రీ చుక్క గారికి

ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి లెక్కల పుస్తకంలో (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో వేంచేసి ఉన్న చుక్క గారి దివ్యసముఖానికి, చెరువు కింద తరి పొలంలో తమరి దయతో బతుకుతున్న కుటుంబం నమస్కరించి రాసుకునే విన్నపం.

నిన్న మధ్యాహ్నమంతా తమరి చలవ వల్ల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద గడిచింది. తాతగారి పొలం అన్నదమ్ములం పంచుకుందామని భాగపరిష్కార దస్తావేజు రాయించాం. చలానా కట్టాం, స్లాట్ తీసుకున్నాం. అన్నయ్య హైదరాబాద్ నుంచి, తమ్ముడు బెంగళూరు నుంచి సెలవు పెట్టి దిగారు. సాక్షులకు భోజనాలు కూడా పెట్టించాం. అంతా అయ్యాక కంప్యూటర్ ముందున్నాయన తలెత్తకుండానే "22-ఏలో ఉందండీ, చుక్కల భూమి" అన్నాడు. అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందని.

తమరు ఇంకా ఉన్నారా! 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూముల్ని నిషేధిత జాబితా నుంచి తీసేశామని ప్రభుత్వం వారు సభ పెట్టి మరీ చెప్పారే! తమరు పాత సర్వే నంబరులో ఖాళీ చేసి, సబ్ డివిజన్లలో కాపురం పెట్టారట. వీఆర్వోని అడిగితే తహసీల్దారునీ, అక్కడ అడిగితే కలెక్టరేట్‌నీ చూపించారు. అది మామూలే, వదిలేద్దాం.

తమరి వంశం మాత్రం గొప్పది. 1800లో నిజాం మా రాయలసీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాక మన్రో దొర కలెక్టరుగా వచ్చాడు. అటు కోస్తాలో, ఉత్తర సర్కారుల్లో, 1802 నుంచి జమీందార్లతో శాశ్వత ఒప్పందాలు చేసుకుంటుంటే, ఈయన నడుమ జమీందారు ఎందుకు, రైతుతోనే లెక్క చూసుకుందాం అన్నాడు. అదే రైతువారీ. ప్రతి చెక్కనీ కొలవాలి, శిస్తు కట్టేవాడి పేరు రాయాలి. పేరు లేకపోతే ఆ పద్ధతే లేదు. శిస్తు ఎంత బరువుగా పడిందంటే, 1807లో పోతూ పోతూ పావు వంతు తగ్గించండని దొరే పైకి రాశాడు. పైవాళ్లు అప్పట్లో వినలేదనుకోండి. అలా పేరు కోసం పుట్టిన పద్ధతిలో, తర్వాత భూముల లెక్కలు మళ్లీ కట్టిన రీసెటిల్‌మెంట్ నాటికి, యజమాని ఎవరో తేలని గడిలో పేరుకు బదులు తమరు వచ్చి కూర్చున్నారు. రైతు శిస్తుకు భయపడి ముందుకు రాలేదో, గుమస్తా ఎండకు భయపడి పొలం దాకా పోలేదో. పోనీండి, గుమస్తా పొరపాటు గుమస్తాది.

కానీ ఒక్కటి చెప్పండి. యజమాని ఎవరో తెలియనప్పుడు, ఇన్నేళ్లూ శిస్తు ఎవరి దగ్గర వసూలు చేశారు?

కిస్తీ ఆలస్యమైతే మునసబు ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడు? జప్తు చేస్తామని ఎవరి గేదెను విప్పబోయారు? మా తాతనే కదా అప్పుడు పేరు పెట్టి పిలిచింది! రసీదు మీద ఆయన పేరే ఉంది. ఏటా జమాబందీలో ఆ లెక్కల మీదే సంతకాలయ్యాయి. సొసైటీ అప్పు ఆ పొలం మీదే ఇచ్చారు. మోటారుకు కరెంటు కనెక్షన్ ఆ పొలానికే ఇచ్చారు. డబ్బు తీసుకునేటప్పుడు దొరికిన మనిషి, హక్కు అడిగేటప్పుడు ఎలా మాయమవుతాడయ్యా?

1984లో కరణాలు పోయారు. పుస్తకాలు పోయి కంప్యూటర్ రికార్డు, వెబ్‌ల్యాండ్, వచ్చింది. ఎక్కించిన ప్రతిసారీ మా ఇంటిపేరు తప్పే పడింది. నువ్వు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ శ్రద్ధలో వీసమెత్తు మా మీద పెడితే చాలదా? 2017లో నీ కోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. పన్నెండేళ్ల అనుభవం ఉందని కాగితాలు చూపిస్తే, కలెక్టర్ అధ్యక్షతన ఉన్న కమిటీ చూస్తుందట. ముత్తాత నాటి నుంచి దున్నుతున్నవాళ్లం పొలం మాదేనని రుజువు చేసుకోవాలి. నువ్వు ఏ రోజూ మడక పట్టలేదు, మడవ కట్టలేదు. నిన్నెవరూ రుజువు అడగరు.

తమ్ముడు రాత్రి బస్సుకే వెళ్లిపోయాడు. మళ్లీ ముగ్గురికీ ఒకేసారి సెలవు ఎప్పుడు దొరుకుతుందో. అన్నయ్య, తను లేకపోయినా పని ఆగకుండా, తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇస్తూ జీపీఏ రాసిస్తానన్నాడు. దాన్నీ రిజిస్టర్ చేయాలంటే సర్వే నంబరు 22-ఏలో ఉందంటారు.

సరే, పొలం నీదే అనుకుందాం. ఈ ఏడు నీటి తీరువా డిమాండు వస్తే మీ ఆఫీసుకే పంపిస్తా. సొసైటీ అప్పు కాగితాలూ అందులోనే పెడతా. పట్టాదారు గడిలో ఉన్నది నువ్వే కదా, నువ్వే కట్టుకో.