బడి గోడ మీది పిట్ట కాలు గారికి

అయ్యా,

వరంగల్ చుట్టుపక్కల ఏ బడి గోడ చూసినా మీరే. ముందుకు మూడు గీతలు, వెనక్కి ఒకటి. చిలుకకూ మీరే, వడ్రంగి పిట్టకూ మీరే, గుడ్లగూబకూ మీరే. క్లాసు మొత్తానికి ఒకే కొలతతో కుట్టిన యూనిఫాం!

పాలపిట్ట దగ్గర బతికిపోయారు. దసరా నాడు జనం వెతుక్కుని మరీ చూసే మన రాష్ట్ర పక్షికి నిజంగానే ముందు మూడు, వెనక ఒకటి. కాకి, పిచ్చుక, కోడి కూడా మీ ఖాతాలోవే. ఆ ధీమాతోనే కాబోలు, చిలుకను కొమ్మెక్కించారు. దానికి ముందు రెండు, వెనక రెండు. కోయిలకూ, జెముడుకాకికీ అంతే.

నమ్మకం కుదరకపోతే, నడవగలిగితే, చికెన్ షాపు దాకా వెళ్లి కోడి కాలొకటి అడగండి. వెనక వేలు ఒకటో నంబరు. గోరులోని ఎముకతో కలిపి అందులో ఎముకలు రెండు. ముందు వేళ్ల ఎముకలను లోపలి వేలి నుంచి బయటి వేలికి లెక్కపెడితే మూడు, నాలుగు, ఐదు. ఆ ఐదు ఎముకల బయటి వేలే, అంటే నాలుగో వేలే, చిలుకలో వెనక్కి తిరిగింది. పెయింటర్ తప్పేది సరిగ్గా ఇక్కడే: ముందు మూడూ అట్లనే ఉంచి వెనక ఇంకోటి కలుపుతాడు, చిలుకకు ఐదు వేళ్లవుతాయి. బయటి గీత మీద సున్నం కొట్టి, దాన్నే వెనక గీయాలి.

కాలు చేతిలో ఉండగానే, కోసిన చోట వెనకవైపు తెల్లటి తాడులాంటి స్నాయువును పట్టకారుతో లాగండి. వేళ్లు ముడుచుకుంటాయి. బతికున్న పిట్టలో పైనున్న పిక్క కండ చేసే పని అదే. కొమ్మను చుట్టుకోవాల్సిన వేళ్లు మీ దగ్గర రూళ్లకర్రల్లా పడుకున్నాయి.

గుడ్లగూబ బయటి వేలు అటూ ఇటూ తిరుగుతుంది కనుక ఎట్ల గీసినా మార్కులు వేస్తాం. లకుముకి పిట్టకు నడిమి వేలూ బయటి వేలూ చాలా దూరం అతుక్కునే ఉంటాయి. బాతుకు ముందు మూడు వేళ్ల మధ్యే పొర. నీటికాకికి నాలుగూ ఒకే పొరలో. బుడుబుంగకు ఒక్కో వేలికి విడిగా ఆకులాంటి అంచు. మీరు మూడింటికీ బాతు కాలే తొడిగారు.

ఇక పైన కరెంటు తీగ మీద వరసగా కూర్చోబెట్టిన ఆ స్విఫ్ట్ పిట్టలు! నాలుగు వేళ్లనూ ముందుకు తిప్పి, గరుకు గోడకు గోళ్లు తగిలించి వేలాడే జాతి అది. తీగ మీద కూర్చోదు. వచ్చే ఎండాకాలం సున్నాలు వేసేటప్పుడు వాటిని తీగ దింపి గోడకు వేలాడదీయించండి.

ఇట్లు,
మీ నాలుగో వేలు వెనక్కి తిరగాలని కోరేవాళ్లు