పోరాట పద్యంల శిల్పం లేదా? ఒక్కసారి చదివి చూడుండ్రి

మా హన్మకొండ గ్రూపులల్ల ఒక పోస్టు తెగ తిరుగుతున్నది. దాంట్ల మూడు మాటలున్నయి. పోరాట కవిత్వం ఆవేశంల వచ్చే నినాదం, దానికి శిల్పం, అంటే మాటలు పేర్చే పనితనం, ఉండదట. గణాలు (గురు లఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యల పొత్తు కుదిరే అక్షరం) లెక్కబెట్టుడంటే ప్రాణాలిచ్చినోళ్లను అవమానించుడేనట. ఇగ "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అంటే మన గడ్డను పొగిడిన మాట, అంతేనట, విడమర్చి చెప్పేదేం లేదట.

మొదటిది తప్పు. ఆవేశం ఉన్నమాట నిజమే, నిజాం సర్కారు జైల్ల పెట్టిన కవి దాశరథి ఆ వీణ పద్యాన్ని నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతోటి రాసిండు: "ఓ నిజాము పిశాచమా కానరాడు / నిన్ను బోలిన రాజు మాకెన్నడేని / తీగలను తెంపి అగ్నిలో దింపినావు / నా తెలంగాణ కోటి రత్నాల వీణ". అయినా అది తేటగీతి అనే ఛందస్సుల పక్కా నాలుగు పాదాల పద్యం. "ఓ నిజాము పిశాచమా కానరాడు", విడగొట్టి చూడుండ్రి, ఒక సూర్యగణం (చిన్న గణం), రెండు ఇంద్రగణాలు (పెద్దవి), మళ్ల రెండు సూర్యగణాలు, ఎక్కడా జారలే. 'ఓని'కి 'కాన' ప్రాసయతి (రెండో అక్షరాలు 'న'తోటి కలిసినయి), రెండో పాదంల 'నిన్ను'కు 'కెన్న'. మూడోదాంట్ల 'తీగ'కు 'దింపి' యతి. (నోళ్లల్ల రతనాల అని నిలబడ్డది గానీ గణం లెక్కకు రత్నాల అంటేనే కుదురుతది.) గోడ మీది బొగ్గు రాత తడిగుడ్డతోటి పోతది, తేటగీతి ఒకసారి నోటికొస్తె పోదు, జైల్ల ఉన్నోనికి ఆ సంగతి మనకంటె బాగ తెలుసు.

రెండోదానికి ఎక్కువ చెప్పేదేం లేదు. నిజాం మీద సాయుధ పోరాటంల బండి యాదగిరి కట్టిన పాట తీస్కోండ్రి, "బండెనక బండి గట్టి పదారు బండ్లు గట్టి", ఆ 'బండి' మళ్ల మళ్ల వస్తుంటే బండ్ల వరస కండ్ల ముందే కదుల్తది, ఆఖరుకు అంత పెద్ద నైజాం సర్కారును పట్టుకోని "కొడుకో" అంటడు. ఒకరు పిశాచమా అన్నరు, ఒకరు కొడుకో అన్నరు, ఆ తేడా పట్టుకునుడు అవమానమెట్లయితది, వాళ్లు కష్టపడి ఏరుకున్న మాటను మనం చూసీచూడనట్టు పోతె గదా అవమానం!

మూడోదే నాకు మస్తు బాధనిపించింది. దాశరథి పద్యం వరసగ చదువుండ్రి. రెండు పాదాలల్ల నీలాంటి రాజు ఎన్నడూ కానరాడు అన్నడే గానీ వాడు చేసిందేందో ఇంకా చెప్పలే. మూడో పాదంల నేరం బయటికొస్తది, "తీగలను తెంపి అగ్నిలో దింపినావు". దేని తీగలు? అక్కడ చెప్పడు. నాలుగో పాదం ఆఖరి మాట, 'వీణ' అనేదాక తెల్వది. మామూలుగ మనమైతే నా వీణను మంటల ఏసినవ్ అని క్రియ చివరికి పెడ్తం, ఇక్కడ క్రియ ముందే అయిపోయింది, మంటల పడ్డది ఏందన్నది చివరికొచ్చింది. నాలుగో పాదంల క్రియే లేదు, పై పాదాన్ని పట్టుకోనే అది నిలబడ్డది. కోటి రత్నాల వీణ అని పొగిడింది నిజమే, కానీ ఆ వీణ అప్పటికే తీగలు తెగి మంటల ఉన్నది, ఆ పొగడ్తల ఏడుపున్నది, నిలదీసుడున్నది. ఫ్లెక్సీల మీద ఆ ఒక్క పాదమే కోసి ఏస్తున్నరు గావట్టి అది ఉత్త పొగడ్తలెక్క కనవడ్తున్నది. సభలల్ల ఎవరన్న ఎత్తుకుంటె మూడో పాదం నుంచి ఎత్తుకొమ్మనుండ్రి.