మందుల షాపుల్లో మళ్లీ అదే తప్పు

ఫంగస్ జబ్బులకు వాడే ఫ్లూకొనజోల్ మాత్రకు మన ఊళ్లలో చాలాచోట్ల డాక్టరు చీటీ అడగరు. దురద ఎక్కడో చెబితే చాలు, షాపు కుర్రాడే మాత్రతో పాటు స్టెరాయిడ్ కలిపిన ట్యూబు కూడా చేతిలో పెడతాడు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనే షెడ్యూల్ హెచ్ హెచ్చరిక స్ట్రిప్పు మీదే ఉంటుంది. యాంటీబయాటిక్స్‌ను ఇలాగే అమ్మి వాటి పదును పోగొట్టుకున్నాం. ఫంగస్ మందులతోనూ అదే తప్పు చేస్తున్నాం.

కాండిడా గ్లాబ్రాటా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) సంగతి చూడండి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పనిచేయడం మానేసినా అది చావదు. ల్యాబ్ ప్లేటు మీద చిన్నచిన్న కాలనీలుగా, అంటే చుక్కల్లాంటి గుంపులుగా, నిదానంగా పెరుగుతుంది. నీరసపడింది కదా అనుకుంటే పొరపాటే. లోపలికొచ్చిన ఫ్లూకొనజోల్‌ను బయటికి తోసేసే పంపులను అది పెంచుకుంటుంది. మన ఒంట్లోని రక్షణ కణాలు మింగినా వాటిలోనే బతికే సత్తా కొన్నిసార్లు దానికి వస్తుంది. మందు లేనిచోట తోటి ఈస్ట్ కంటే వెనకబడేది, మందు ఉన్నచోట నెగ్గుతుంది. అనవసరంగా మింగే ప్రతి మాత్రా దానికి దారి ఇవ్వడమే.

దీన్ని పట్టుకోవడమూ కష్టమే. ఈస్ట్ మీద మందు పరీక్షను సాధారణంగా 24 గంటలకే చూస్తారు. మెల్లగా పెరిగేది అప్పటికి సరిగా కనిపించకపోవచ్చు. రిపోర్టులో మందు పనిచేస్తుందనే ఉంటుంది, ఐసీయూలో రోగికి జ్వరం మాత్రం తగ్గదు.

డాక్టర్లు లేని పల్లెల్లో షాపే దిక్కని కొందరంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ వీధికో క్లినిక్ ఉన్న నగరాల్లోనూ అమ్మకం ఇలాగే సాగుతోంది కదా!

రక్తంలోకి పాకిన ఫంగస్‌కు ఉన్న మందుల రకాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం బంధువులు ఊరూరా తిరగడం అందరం చూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాదకర ఫంగస్‌ల జాబితా ఇచ్చింది. కాండిడా ఆరిస్ అనే మరో ఈస్ట్‌ను అత్యంత తీవ్రమైన వర్గంలో, గ్లాబ్రాటాను ఆ తర్వాతి వర్గంలో చేర్చింది. అయినా మనవాళ్లలో చలనం లేదు. తామరకు వాడే టెర్బినాఫిన్ మందుకు లొంగని ఫంగస్ దేశమంతా పాకాక కూడా బుద్ధి రాకపోతే ఇంకెప్పుడొస్తుంది?

ఔషధ నియంత్రణ అధికారులు యాంటీబయాటిక్ అమ్మకాలపై అప్పుడప్పుడూ దాడులు చేస్తుంటారు. పక్క అరలోని ఫంగస్ మాత్రలు వారికి కనబడవా? చీటీ లేకుండా అమ్మిన షాపు లైసెన్సు మీద వేటు వేయండి. పెద్దాసుపత్రుల ల్యాబుల్లో ప్లేట్లను 48 గంటలకు మరోసారి చూసి, చిన్న కాలనీలనూ నమోదు చేయమని ఆదేశించండి. చట్టం చేతిలో ఉంచుకుని చోద్యం చూడటానికా మీకు జీతాలు?