పసిపిల్లతో మాల్దీవులకా? నీటి మీద విల్లా వద్దు

ఏడాదిన్నర పిల్లతో వెళ్లినా నీటి మీద విల్లానే (సముద్రంలో స్తంభాల మీద కట్టిన గది) తీసుకోమని మీ మాల్దీవుల వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట మార్చండి. చాలా విల్లాల్లో డెక్ చుట్టూ కటకటాలు ఉండవు, మెట్లు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. జారుడు తలుపు గడియ పిల్ల చేతికి అందితే చాలు! కొన్ని రిసార్టులు పసివాళ్లుంటే ఆ విల్లాలు అసలు ఇవ్వవు. బీచ్ విల్లా అడగండి. దానికి సొంత పూల్ ఉంటే కంచె సంగతి ముందే మెయిల్‌లో రాయించుకోండి.

బెంగళూరు నుంచి పొద్దుటి విమానమే మేలు. రాజధాని మాలే నుంచి దూరపు రిసార్టు దీవులకు తీసుకెళ్లే సీప్లేన్లు (నీటి మీద దిగే చిన్న విమానాలు) పగటి వెలుగులోనే ఎగురుతాయి, సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే దగ్గరే గది వెతుక్కోవాలి. సీప్లేన్‌లో సామాను మామూలుగా మనిషికి 20 కిలోలు, చేతిసంచి 5. లోపల ఇంజిన్ మోత ఎక్కువ, పిల్లకు చెవులు మూసే ఇయర్‌మఫ్స్ పెట్టండి.

దీవిలో మందుల షాపు లేదనుకునే బయల్దేరాలి. డాక్టరు రాసిన పారాసెటమాల్ సిరప్, కొలత సిరంజి, థర్మామీటర్, ఓఆర్ఎస్ చేతిసంచిలోనే ఉండాలి. 21 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చెంచాడు చొప్పున కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి, అది పిల్లకు ప్రమాదం. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.